గేదె చేపని చెయ్యి

కొత్తరేవులంకలో పాలు పితికే ప్రతి ఆడమనిషికీ ఒక పాలచీర ఉంటుంది. దాన్ని సబ్బు పెట్టి ఉతకరు. కాలవలో జాడించి పాక వాసానికి ఆరేస్తారు. తవుడు వాసన, పేడ వాసన, కట్టుకున్నదాని చెమట వాసన ఏళ్ళ తరబడి దానికి పట్టి ఉంటాయి. గేదె వరకూ ఆ చీరే మనిషి. ఇంటావిడ పెళ్ళికో పురిటికో ఊరెళ్ళిందంటే, పితకడానికొచ్చిన తోడికోడలు ఆ చీర చుట్టుకునే కూర్చుంటుంది. గేదె ఒకసారి మూచూసుకుని, కళ్ళు సగం మూసి, చేపుతుంది. పొదుగులోకి పాలు దిగుతాయి. వేరే చీరతో కూర్చుంటే పొదుగు రాయిలా ఉండిపోతుంది. ఎంత గుంజినా చెంబు అడుగు తడవదు.

ఈ సంగతి విని డాక్టరు హుమేరా గంతేసినంత పని చేసింది.

"అయితే బొత్తాం మనిషికెందుకు? చీరకే కుట్టేద్దాం," అంది.

హుమేరా పట్నంలో మతిమరుపు జబ్బుల పరిశోధనశాల నడుపుతుంది. ఆవేళ లంకలో పాల కేంద్రం పంచన, అరవై దాటిన పాలవాళ్ళందర్నీ కూర్చోబెట్టింది. ఆమె దగ్గర రెండు వస్తువులున్నాయి. ఒకటి గేదె మెడకు కట్టే పట్టీ. రెండోది రూపాయి బిళ్ళంత బొత్తాం, పక్కన కూర్చుని పితికేది ఎవరో పట్టీకి చెప్పేది. పట్టీని పాల కేంద్రం కార్యదర్శి దావీదు గేదెకు కట్టి, పితకమని అతన్నే కూర్చోబెట్టింది. పట్టీ మీద ఎర్రదీపం వెలిగి అట్టాగే ఉండిపోయింది. అతన్ని లేపి అతని భార్యను కూర్చోబెట్టింది. ఆమె గేదె డొక్క మీద చెయ్యి వేసి ఏదో గొణిగింది. ఎర్రదీపం పోయి పచ్చది వచ్చింది. ఆ తరవాత కాసేపటికి పాలు చెంబులో పడ్డాయి.

"చూశారా? పాలు దిగకముందే, దిగబోతున్నాయని పట్టీకి తెలిసింది. గేదె గుండె, ఊపిరి, నెమరు అన్నీ అది వింటుంది. గేదె ఎంతసేపటికి ఒప్పుకుందో, ఎవరికి ఒప్పుకుందో దాచిపెట్టుకుంటుంది."

"అయితే మా గేదెకి నేనంటే పడదంటారా?" అన్నాడు దావీదు.

"గేదె సంగతి ఇప్పుడు తెలిసింది. మీ ఆవిడ సంగతి ఎప్పుడో తెలుసు," అంది వెనకనించి ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు.

హుమేరా నవ్వి, నవ్వు ఆగేదాకా ఉండి చెప్పింది. "ఈ పట్టీని మొదట గొడ్ల జబ్బుల కోసం చేశారు. కొన్ని ఇళ్ళల్లో గేదెలు ఏ జబ్బూ లేకుండానే నెలనెలకూ ఆలస్యంగా చేపడం చూశారు. ఎందుకో తెలీలేదు. నాలుగైదేళ్ళు పోయాక ఆ ఇళ్ళల్లో పాలు పితికేవాళ్ళకు మతిమరుపు జబ్బు బయటపడింది. ఆ జబ్బు వచ్చే ముందు చాలామందిలో ఏ మరుపూ ఉండదమ్మా. మనిషి తీరు మారుతుంది. విసుగొస్తుంది. మాట తగ్గుతుంది. చెయ్యి మొరటవుతుంది. ఇంట్లోవాళ్ళు వయసు అనుకుని ఊరుకుంటారు. గేదె ఊరుకోదు. దానికి వయసు సంగతి తెలీదు. చెయ్యి సంగతే తెలుసు."

చీరలు తెమ్మన్నారు. సామ్రాజ్యం తన చీర తీసుకొచ్చి ఇచ్చింది. అంచులోకి బొత్తాం పెట్టి కుడుతున్నంతసేపూ మొగుడి వంక చూస్తూ నిలబడింది. కోటిలింగం గోడకు ఆనుకుని ఎటో చూస్తున్నాడు. ఆమె నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది.

రెండేళ్ళుగా ఆ చీర కట్టుకుంటున్నది ఆమె కాదు. ఆయన.

కీళ్ళవాతం వచ్చి సామ్రాజ్యం వేళ్ళు కొంకర్లు పోయాయి. చుక్కగేదెను దూడనాటినుంచి ఆమే సాకింది. అమ్ముదామంటే ఆమె అన్నం మానేసింది. కోటిలింగం ఒకరోజు పాక తడిక మూసి, పంచె మీదనే పాలచీర చుట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని, "ఏమే వదినా, పక్కకి జరుగు, చుట్టం వచ్చింది," అంటూ పీట లాక్కుని కూర్చున్నాడు. సామ్రాజ్యం నవ్వలేక తడిక పట్టుకుని కూలబడింది. గేదె ఆ గుబురు మీసాన్ని ఒకసారి చూసింది, చీరను ఒకసారి మూచూసింది, చేపింది. లంకలో తగాదా వస్తే పెద్దమనిషిగా కోటిలింగాన్ని పిలిచేవారు. అలాంటివాడు చీర కట్టాడని తెలిస్తే ఊరు ఊరుకుంటుందా? అందుకే తడిక మూసే ఉంచారు. పదిమంది ముందు మొగుణ్ణి చీరలో నిలబెట్టడానికి ఆమెకు నోరు రాలేదు. పోనీలే, మిషను గేదెను చూసుకుంటుంది, మనకేం అనుకుంది.

కోతలయ్యాక, మంచు పడే రోజుల్లో దావీదు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిన్నీ, డాక్టరమ్మ నిన్ను ఒకసారి పట్నం రమ్మంది. బాబాయిని కూడా. ఊరికే చూడటానికంట. నువ్వేం కంగారుపడమాకు."

"ఎందుకంట?"

"మీ గేదె నెలనెలకీ లేటుగా చేపతందంట. దానికి జబ్బేం లేదంట."

పంటు మీద ఏరు దాటి, బస్సెక్కి వెళ్ళారు. పరిశోధనశాలలో గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక పెద్ద తెర మీద లంకలో గేదెలన్నీ చుక్కలై కదులుతున్నాయి. ఒక చుక్క మాత్రం మిగతావాటినుంచి విడిపోయి కిందికి జారుతోంది. అది తన గేదేనని ఎవరూ చెప్పకుండానే సామ్రాజ్యానికి తెలిసింది.

ముందు ఆమె జ్ఞాపకం చూశారు. కొన్ని మాటలు చెప్పి, వేరే కబుర్లు పెట్టి, ఆ మాటలు మళ్ళీ అడిగారు. అన్నీ చెప్పింది. గడియారం బొమ్మ వెయ్యమన్నారు. కొంకర వేళ్ళతో వంకరగా వేసింది గాని ముళ్ళు సరిగ్గా పెట్టింది. వెనక్కి లెక్కపెట్టమంటే పెట్టింది. పాసయ్యానన్నట్టు మొగుడి వంక చూసింది.

"జ్ఞాపకం చాలా బాగుంది," అంది హుమేరా. కాని ఆమె మొహం తేలిక పడలేదు. "మేం వెతికేది ఇలాంటివాళ్ళనేనమ్మా. జ్ఞాపకం బాగుండగానే తీరు మారినవాళ్ళని."

తప్పితే జబ్బు. తప్పకపోయినా జబ్బే. సామ్రాజ్యానికి అంత బాధలోనూ నవ్వొచ్చింది.

అప్పుడు హుమేరా కోటిలింగం వైపు తిరిగింది. "ఇప్పుడు మిమ్మల్ని అడుగుతానండీ. మనిషిలో మార్పు ఆ మనిషికన్నా పక్కనున్నవాళ్ళకే బాగా తెలుస్తుంది. ఈమె ఎప్పుడూ ఎలా ఉండేవారో వదిలెయ్యండి. ఈ ఆర్నెల్లు, ఏడాదిగా మునుపటి తీరునుంచి మారారా అనేదే చెప్పండి."

"అడగండి."

"నలుగురితో కూర్చోవడం, కబుర్లు చెప్పడం తగ్గించేశారా?"

"ఇదా? దీని నోరు మూతపడితే ఏట్లో వరదాగుద్ది."

సామ్రాజ్యం కళ్ళ ముందుకు కాకా హోటల్ బల్ల వచ్చింది. ఆ బల్ల చివర కోటిలింగం చోటు. అతను వచ్చేదాకా అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు. ఇప్పుడు అక్కడ ఎరువుల కొట్టు కుర్రాడు కూర్చుంటున్నాడు. ఎందుకు పోవటం లేదంటే, అందరూ చెత్త మాటలు మాట్లాడుతున్నారన్నాడు.

"చిన్నదానికే కోపం వస్తోందా? ఇదివరకు లేనంతగా?"

"దానికి కోపం పుట్టినకాడ్నించీ ఉంది."

వినాయక చవితి ముందు దూడ తాడు తొక్కిందని కోటిలింగం దాని మొహం మీద కొట్టాడు. గొడ్డు మీద ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. దూడ బిత్తరపోయి నిలబడింది. సామ్రాజ్యం కూడా.

"ఎవరో మోసం చేస్తున్నారనీ, తన సొత్తు కాజేస్తున్నారనీ అనుమానపడుతున్నారా?"

"లేదు."

పక్కింటి వైకుంఠం కంచె రోజూ బెత్తెడు ఇటు జరుపుతున్నాడని, కోటిలింగం పొద్దున్నే పుల్ల పట్టుకుని కొలుస్తున్నాడు. కంచె ఎక్కడుంది అక్కడే ఉంది.

"ఎదుటివాళ్ళ బాధ పట్టించుకోవడం తగ్గిందా?"

"లేదు లేదు."

కూతురు శేషు మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్న నాడు, అది గుండెలు బాదుకుంటూ పుట్టింటికి పరిగెత్తుకొచ్చింది. కోటిలింగం కంచం ముందునుంచి తలెత్తి, కూరలో ఉప్పెక్కువైంది చూడమన్నాడు.

ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. సామ్రాజ్యం చెవులకు అవి ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. ఒక్కో ప్రశ్నా ఆమెను దాటుకుని వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంటోంది. ఇంతకాలం విడివిడిగా చూసి వయసు చాదస్తమని సర్దుకున్నవన్నీ ఎవరో ఒక దారానికి గుచ్చి చూపించినట్టయింది. మిషను అబద్ధం చెప్పలేదు. గేదె అబద్ధం చెప్పలేదు. చీరలో ఎవరున్నారో వాటికి తెలియదు, అంతే.

చెప్పేద్దామని నోరు తెరిచింది. కోటిలింగం మీసం సవరించుకుంటూ, "దానికి నేనున్నాగా డాక్టరమ్మా. కంటికి రెప్పలా చూసుకుంటా," అన్నాడు. ఆ మాట ఎంతో కాలం తరవాత పాత కోటిలింగం మాటలా ఉంది. ఆమె నోరు మూసుకుంది.

"ఇది ఒక్క మందుబిళ్ళతో పోయేది కాదు," అంది హుమేరా. "జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చేదైనా కొన్నేళ్ళు వెనక్కి నెట్టడానికి గట్టి ప్రయత్నం చెయ్యొచ్చు. చెవులు, కళ్ళు, రక్తపోటు, నిద్ర, నడక, నలుగురి తోడు. ఇవన్నీ సరిచేసుకోవాలి. కాని ఇప్పుడే. చెయ్యి పూర్తిగా జారాక మా దగ్గర కూడా ఎక్కువేం ఉండదు."

లంకకు తిరిగి వచ్చేసరికి కబురు వాళ్ళకన్నా ముందే పంటు దాటింది.

శేషు పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. "నువ్విటు రామాకమ్మా. నిప్పు," అంది. తలుపు తాళాలు తన బొడ్లో దోపుకుంది. వాకిట్లోకి వచ్చినవాళ్ళు సామ్రాజ్యంతో చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా, విడివిడిగా మాట్లాడేవారు. పుచ్చొంకాయలు అంటగట్టిందని కూరగాయలమ్మిని దుమ్మెత్తిపోస్తే, ఆవిడ తిరిగి ఒక్క మాట అనలేదు. జాలిగా చూసి, మంచి వంకాయలు నాలుగు ఎక్కువేసి వెళ్ళింది. తిట్టుకు తిట్టు రాకపోతే మనిషి సగం చచ్చినట్టే. సామ్రాజ్యం కోపానికి ఊళ్ళో విలువ పోయింది. నవ్వితే జబ్బు, అరిస్తే జబ్బు, ఊరికే కూర్చుంటే మరీ జబ్బు.

వారానికి రెండుసార్లు బడి వరండాలో పెద్దవాళ్ళను చేర్చేవారు. పాటలు పాడించేవారు, అష్టాచెమ్మా ఆడించేవారు, ఏటిగట్టు మీద నడిపించేవారు. హుమేరా పంపిన నర్సమ్మ చెవులు చూసింది, రక్తపోటు చూసింది. సామ్రాజ్యానికి రెండూ బాగానే ఉన్నాయి. గవ్వలు వేస్తూ నవ్వుతున్న ముసలాళ్ళ మధ్య కూర్చుని ఆమె లోపల్లోపల కుమిలిపోయేది. ఈ పీట మీద ఆయన కూర్చోవాలి. ఈ నడక ఆయనకు కావాలి. మందు నేను మింగితే ఆయనకు పట్టుద్దా?

"నువ్వూ రా బావా, ఊసుపోద్ది," అంది ఒకసారి.

"ఆ బడికి నేనెందుకు? నాకేం పోయేకాలం?" అన్నాడు కోటిలింగం.

శివరాత్రి వెళ్ళాక పాల కేంద్రంలో గొడవైంది. పాలలో వెన్న తక్కువ చూపిస్తోందని, వెన్న కొలిచే మిషనును దావీదే తిప్పుతున్నాడని కోటిలింగం అరిచాడు. దావీదు బతిమాలుతున్నా వినకుండా పాలక్యాను ఎత్తి అతని కాళ్ళ మీద కుమ్మరించాడు. దావీదుకు ఆ ఉద్యోగం ఇవ్వడానికి వీల్లేదని ఒకప్పుడు సగం ఊరు అడ్డుపడితే, ఎదురు నిలబడి ఇప్పించింది కోటిలింగమే. పాలు కాలి మీద కారుతుంటే దావీదు వంగి ఖాళీ క్యాను తీసి పక్కన పెట్టాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు కోటిలింగాన్ని ఒక్క మాటన్నా అనలేదు. "పాపం, పెళ్ళాం జబ్బుతో విసిగిపోయాడు," అన్నారు.

ఆ మాట సామ్రాజ్యం చెవిన పడింది. ఆమె ఏటిగట్టు మీద చాలాసేపు కూర్చుంది. తన మీద పడ్డ పేరు ఆయనకు గొడుగులా అడ్డుపడుతోందనుకుంది ఇన్నాళ్ళూ. గొడుగు కాదది, గంప. కోడిని మూసినట్టు మూసిపెట్టింది. లోపల ఆయనకు ఏమవుతోందో ఎవరికీ కనపడటం లేదు.

మర్నాడు పొద్దున పాకలో కోటిలింగం చీర చుట్టుకుని కూర్చున్నాడు. గేదె చేపలేదు. దూడను విడిచాడు, లాగి కట్టాడు, మళ్ళీ విడిచాడు. పళ్ళు కొరుకుతున్నాడు. సామ్రాజ్యం వచ్చి దాణా బస్తా మీద కూర్చుంది.

"బావా. ఆ డాక్టరమ్మ మిషను చెప్పింది నా గురించి కాదు."

"మరెవరి గురించి?"

"చీరలో ఎవరుంటే వాళ్ళ గురించి."

కోటిలింగం లేచిన లేవడానికి పీట వెనక్కి ఎగిరిపడింది. "ఊరంతా నిన్ను పిచ్చిదంటే అది తెచ్చి నా నెత్తిన రుద్దుతన్నావా?"

"అంటంది. చలికాలం నించీ ఊరంతా అంటానే ఉంది. ఏవైంది నాకు? అన్నం తింటన్నా, నిద్దరపోతన్నా. నువ్వు భయపడేంత దాంట్లో ఏం లేదు బావా. నేను ముందు నడిచొచ్చిన దోవే. గుంటలెక్కడున్నాయో నాకు తెలుసు. నా ఎనకాల రా."

అతను అరవడానికి నోరు తెరిచాడు. గేదె తల తిప్పి ఇద్దర్నీ చూసి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. కాసేపటికి, పడిపోయిన పీటను కోటిలింగం తనే తెచ్చుకుని కూర్చున్నాడు.

"నేను మారానా?"

"మారావు."

"ఎక్కడ?"

ఆమె హోటల్ బల్ల గురించి చెప్పింది. కంచె గురించి చెప్పింది. దూడ గురించి చెప్పింది. కూర గురించి చెప్పడానికి కొంచెం తటపటాయించి అదీ చెప్పింది.

"గుర్తుంది," అన్నాడు కోటిలింగం. "ఉప్పెక్కువైందన్నా. అంటే తప్పని అప్పుడు అనిపిచ్చలా."

"ఇప్పుడనిపిత్తందా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "నువ్వు చెప్తే అనిపిత్తంది."

"అయితే చెప్తానే ఉంటా."

అతను చీర కొంగుతో మొహం తుడుచుకున్నాడు. "హోటల్లో వాళ్ళు చెత్త మాట్లాడతన్నారని కాదే," అన్నాడు. "వాళ్ళ మాట నాకు అందటం లేదు. నవ్వుతారు. దేనికో తెలవదు. నా గురించే ఏమో అనిపిచ్చుద్ది. ఎన్నిసార్లని అడుగుతా?"

ఈ ముక్క గేదెకూ తెలియదు, మిషనుకూ తెలియదు. పక్కలో పడుకునే ఆమెకే తెలియలేదు.

హుమేరా మళ్ళీ లంకకొచ్చి పాక దగ్గర నిలబడిన రోజు సామ్రాజ్యం గొంతు విప్పబోయేంతలో కోటిలింగం చెయ్యి అడ్డం పెట్టి తనే చెప్పాడు. "డాక్టరమ్మా, మీరు కుట్టిన బొత్తాం మొదట్నించీ మగోడి ఒంటి మీదుంది."

హుమేరాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గడ్డివాము పక్కన అట్టాగే చతికిలబడింది. "చీరే మనిషి అని మీ గేదెలు నమ్మాయి సరే," అంది చివరికి. "నేనెందుకు నమ్మాను?" ఆ మొహంలో సిగ్గు చూసి సామ్రాజ్యానికే జాలేసింది. డాక్టరమ్మ తప్పు మనిషిని ఇన్నాళ్ళు భయపెట్టింది. అసలు మనిషిని ఇన్నాళ్ళు వదిలేసింది. హుమేరా ఆమె కొంకర వేళ్ళు రెండు చేతుల్లోకి తీసుకుని, "నన్ను తిట్టండమ్మా," అంది.

"తిడితే జబ్బని రాసుకోవుగా?" అంది సామ్రాజ్యం.

ఆ మాట విని మొదట నవ్వింది శేషు. నవ్వుతూ ఏడ్చి, బొడ్లో తాళాలు తీసి తల్లి చేతిలో పెట్టింది.

దావీదు తడిక దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలో వద్దో తెలియక గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, ఆ చీరలో ఎట్టా ఉంటావో ఒక్కసారి చూపిచ్చరాదా?"

"దీంట్లో ఏం చూత్తావు, పాతది," అన్నాడు కోటిలింగం. "మీ ఆవిణ్ణడిగి మంచి చీర పట్రా, కట్టుకుని చూపిత్తా." ఆ వెంటనే మొహం దించుకుని, "కాలు కాలిందంట్రా ఆ రోజు?" అన్నాడు.

"కాలటానికి అయ్యి కాసిన పాలా?" అన్నాడు దావీదు. ఆ తగువు అక్కడితో తెగింది.

హుమేరా లంకలో ఇల్లిల్లూ తిరిగి ప్రతి బొత్తాం వెనక ఏ చెయ్యి ఉందో కళ్ళతో చూసుకుంది. అత్తల చీరల్లో కోడళ్ళు దొరికారు. మరో ఇంట్లో ఇంకో మొగుడు దొరికాడు. ఆడవాళ్ళు నెలరోజులు నవ్వుకున్నారు. పట్నం తెర మీద చుక్కలన్నీ చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి చుక్క కిందికి జారితే ఊరికి చెప్పరు. ఆ ఇంటికి వెళ్ళి, తలుపు వేసి, కూర్చుని మాట్లాడతారు. ఆ షరతు పెట్టింది సామ్రాజ్యం. పుచ్చొంకాయల సంగతి చెప్పి మరీ పెట్టింది.

కోటిలింగం చెవుల్లో చిన్న మిషన్లు పెట్టారు. అవి పెట్టుకుని పంటు దిగిన రోజు పిచికల గోలకు అదిరిపడి, "ఇయ్యన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయినయ్యే?" అన్నాడు. రక్తపోటుకు బిళ్ళలు మొదలయ్యాయి. బడి వరండాకు మొదట తిట్టుకుంటూ వెళ్ళాడు, తరవాత అష్టాచెమ్మాలో ఓడిపోయినప్పుడు మాత్రమే తిట్టాడు. హోటల్ బల్ల మీద ఎరువుల కొట్టు కుర్రాడు లేచి చోటిచ్చాడు. అన్నీ చక్కబడ్డాయని కాదు. కొన్ని పొద్దుల్లో మనిషి ఇంట్లో ఉండీ ఉండనట్టే ఉంటాడు. కంచె దగ్గరికి పుల్ల పట్టుకుని బయల్దేరతాడు. సామ్రాజ్యం వెనకాలే వెళ్ళి, "బావా, జరగలా," అంటుంది. కొన్నిసార్లు నమ్ముతాడు. కొన్నిసార్లు నమ్మకపోయినా ఆమె మాట మీద వెనక్కి వస్తాడు.

వానలు పడ్డాక చుక్కగేదె ఒట్టిపోయింది. పాడి లేక ఇల్లు బోసిపోయిందని శేషు అత్తగారు తమ తొలిచూలు పడ్డను, పడుచుగేదెను, పంపించింది. ఈనిన వారానికి తోలుకొచ్చారు. దాని పొదుగు మీద అప్పటిదాకా మనిషి చెయ్యి నిలవలేదు. దానికి ఏ చీర వాసనా తెలియదు. దాని మెడకు కట్టడానికి నర్సమ్మ పట్టీ తెచ్చింది. బొత్తాం ఎక్కడ కుట్టమంటారని అడిగితే, కోటిలింగం ఒంటి మీది బనీను విప్పి ఇచ్చాడు.

మొదటిరోజు పడ్డ తన్నింది. రెండోరోజు చెంబు తన్నింది. కాళ్ళకు బంధం వేస్తానని దావీదు తాడు తెచ్చాడు. "వద్దురా, బంధం వేత్తే పాలిచ్చుద్ది గాని నన్నెరగదు," అన్నాడు కోటిలింగం.

ఆ తరవాత ఒక పొద్దున, తడిక బార్లా తీసి ఉంది. వైకుంఠం వాకిట్లో పళ్ళు తోముకుంటూ చూస్తున్నాడు. శేషు ముగ్గు డబ్బా పట్టుకుని చూస్తోంది. పడ్డ కాలు విసిరింది. చెంబు ఎగిరి కోటిలింగం మోకాలి చిప్పకు తగిలింది. అతను చివ్వున లేచాడు. చెయ్యి పైకి లేచింది. మొహం గట్టిపడి, కళ్ళు ఎవర్నీ ఎరగనట్టయ్యాయి. పడ్డ బెదిరి గుంజను లాగింది.

సామ్రాజ్యం గడప మీద ఉంది. చెప్తానే ఉంటానని మాటిచ్చిన మనిషి, గొంతుదాకా వచ్చిన కేకను పంటి బిగువున ఆపుకుంది. ఈ ఒక్కసారి చెప్పకుండా చూడాలనిపించింది.

చెయ్యి గాలిలో అట్టాగే కాసేపు ఉంది. దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు కోటిలింగం ఎగాదిగా చూసుకున్నాడు. తరవాత దించాడు. కుంటుకుంటూ వెళ్ళి చెంబు తెచ్చుకుని, పడ్డ పక్కన నేల మీదే కూర్చున్నాడు. పొదుగు ముట్టుకోలేదు. డొక్కకు వీపు ఆనించి కబుర్లు మొదలుపెట్టాడు.

"ఏమ్మా, కొత్తకోడలా, కాపరానికొచ్చి మావగార్నే తంతే ఎట్టాగే? నీదీ తప్పు కాదులే. నువ్వెరిగినోణ్ణి కాదు నేను. మునుపటి కోటిలింగం మంచోడంట. నువ్వు చూళ్ళేదు. నీకు నేనే మొదటోణ్ణి. నీకు నేనెట్టాగో, నాకు నువ్వట్టాగే. ఇద్దరం మెల్లిగా..."

ఎంతసేపు చెప్పాడో, ఏమేం చెప్పాడో, వైకుంఠం మొహం కడుక్కోవడం కూడా మరిచిపోయాడు. పడ్డ చెవి ఒకటి ఇటు తిరిగింది. తరవాత తల తిరిగింది. కోటిలింగం మెడ మీద, బనీను మీద బుసబుసమంటూ మూచూసింది. కాలు మార్చి నిలబడి, నెమరు మొదలుపెట్టింది.

కోటిలింగం చెయ్యి వెనక్కి చాపి పొదుగు కింద పెట్టాడు. పట్టీ వైపు ఎవరూ చూడలేదు.

"సామ్రాజ్యం," అన్నాడు. "పెద్ద గిన్నె పట్రా. చేపింది."